అక్టోబరు నుంచి అక్టోబరు దాకా: మా కంచె చెట్ల మీద సంచి పురుగులతో ఒక ఏడాది

అక్టోబరు మూడో వారం

మేం కొన్న ఇల్లు కాన్సాస్ రాష్ట్రంలోని ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంది. వెనక కంచె పొడవునా పద్నాలుగు ఆర్బర్‌విటే చెట్లు, ముందు గుమ్మం పక్కన రెండు జూనిపర్ పొదలు. ఆర్బర్‌విటే అంటే మన నర్సరీల్లో తూజా పేరుతో అమ్మే మొక్కకు దగ్గరి జాతి. వెనకింటి వాళ్ళకి పెరడు కనిపించకుండా ఉండాలని ఇక్కడ చాలామంది దీన్నే వరసగా నాటుతారు. చలికాలంలో కూడా పచ్చగా ఉంటుంది, నరికి సరిచేసే పని పెద్దగా ఉండదు.

ఇల్లు చేతికి వచ్చేసరికి వరసలో రెండు చెట్లు పైనుంచి కిందిదాకా ఎండిపోయి ఉన్నాయి. ఇంకో నాలుగింటికి తలభాగం గోధుమరంగుకి తిరిగింది. వేసవిలో ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి నీళ్ళు చాలలేదేమో అని చూసినవాళ్ళంతా అన్నారు. దగ్గరికి వెళ్ళి రెమ్మలు పట్టి చూస్తే సంగతి వేరు. రెమ్మ రెమ్మకీ రెండు అంగుళాల పొడవున సంచులు వేలాడుతున్నాయి. చెట్టు ఆకుముక్కలనే పట్టు దారంతో కుట్టుకుని కట్టుకున్న గూళ్ళు అవి. తెలియనివాళ్ళు చెట్టుకి కాసిన కాయలనుకుని వదిలేస్తారు. ఇల్లు అమ్మినవాళ్ళు కూడా అలాగే అనుకుని ఉండొచ్చు.

ఇది సంచి పురుగు, సంచిలోనే ఉండి ఆకులు తినే గొంగళి పురుగు. ఇక్కడివాళ్ళు బ్యాగ్‌వార్మ్ అంటారు. శాస్త్రీయ నామం థైరిడాప్టెరిక్స్ ఎఫెమెరేఫార్మిస్. అమెరికా తూర్పు తీరం నుంచి నెబ్రాస్కా, టెక్సాస్ దాకా ఉంటుంది. వందకు పైగా రకాల చెట్ల మీద బతుకుతుంది గానీ ఆర్బర్‌విటే, జూనిపర్, రెడ్ సెడార్, స్ప్రూస్ దానికి బాగా ఇష్టం. మేపుల్, సికమోర్ లాంటి ఆకు రాల్చే చెట్లను తిన్నా అవి మళ్ళీ చిగురిస్తాయి. ఆర్బర్‌విటే కొమ్మని పూర్తిగా బోడి చేస్తే ఆ కొమ్మ మళ్ళీ చిగురించదు. నాకు భయం వేసింది అందుకే. ఇవాళ పచ్చగా ఉన్న పన్నెండు చెట్లలో వచ్చే వేసవికి ఎన్ని పోతాయో.

ఒక లాండ్‌స్కేపింగ్ కంపెనీ మనిషి వచ్చి చూశాడు. వెంటనే మందు కొట్టాలి, ఆలస్యం చేస్తే మొత్తం వరస పోతుంది అని ఖర్చు అంచనా రాసిచ్చాడు. నేను ఒప్పుకోలేదు. అక్టోబరులో ఈ సంచుల్లో తినే పురుగు ఒక్కటి కూడా ఉండదు. ఉన్నవి గుడ్లే. అవి తల్లి పురుగు వదిలిన ప్యూపా పెంకులో (గొంగళి పురుగు పెద్ద పురుగుగా మారేటప్పుడు ఒంటి చుట్టూ ఏర్పడే పెంకు), దాని చుట్టూ సంచిలో, భద్రంగా ఉంటాయి. మందు సంచి బయట ఎండి, వానకి కారిపోతుంది తప్ప లోపలికి పోదు. ఆ డబ్బు దండగ. పైగా మందు కొట్టించేశాం కదా అన్న ధీమాతో జూన్‌లో చెట్టు వైపు చూడం, అది ఇంకా ప్రమాదం.

ఈ పురుగుతో వ్యవహారమంతా క్యాలెండరు మీదే నడుస్తుంది. అందుకే ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

నవంబరు

ఏరివేత మొదలైంది. సంచిని లాగితే ఊడిరాదు. రెమ్మ చుట్టూ పట్టుతో గట్టి పట్టీ బిగించి ఉంటుంది. లాగితే రెమ్మ తోలు లేచిపోతుంది, పట్టీ మాత్రం అక్కడే మిగులుతుంది. రెమ్మ లావెక్కే కొద్దీ ఆ పట్టీ బిగుసుకుని అవతలి భాగం ఎండిపోతుంది. కాబట్టి చిన్న కత్తెరతో పట్టీని కూడా కోసి తీస్తున్నాను. పని నెమ్మదిగా సాగుతుంది, అయినా ఇదే సరైన పద్ధతి.

తీసిన సంచుల్ని నేల మీద పడేయకూడదు. గుడ్లు నేల మీద కూడా చలికాలం గడిపి, వేసవి మొదట్లో పగిలి, పిల్లలు పాక్కుంటూ చెట్టెక్కుతాయి. సబ్బు నీళ్ళ బకెట్లో వేసి, రెండ్రోజులు మునిగి ఉండేలా పైన బరువు పెట్టి, తర్వాత కవర్లో కట్టి చెత్తబండికి ఇస్తున్నాం.

తల భాగంలో సంచులు ఎక్కువ. పిల్ల పురుగులు పైకి పాకుతాయి కాబట్టి తినడం కూడా పైనుంచే మొదలవుతుంది. కంటికి ఎదురుగా ఉన్న కొమ్మలు శుభ్రంగా ఉన్నాయని సంతోషిస్తే లాభం లేదు. మావారు నిచ్చెన పట్టుకుంటే నేను పైకెక్కి కోస్తున్నాను. అందనివాటికి కొస కత్తెర ఉన్న పొడుగు కర్ర తెచ్చాం.

ఎండిపోయిన రెండు చెట్లకి గోటితో బెరడు గీకి చూశాను. ఎక్కడా పచ్చదనం లేదు, చెక్క పొడిగా ఉంది. అవి రెండూ తీసేశాం. వాటి మీద సంచులు వందల్లో ఉన్నాయి. నరికిన కొమ్మల్ని పెరట్లో కుప్పగా వదలకుండా అప్పటికప్పుడు కవర్లలో కట్టేశాం. తలలు ఎండిన నాలుగింటిలో కొమ్మ మొదట్లో గీకితే ఆకుపచ్చగా కనిపించింది. వాటిని ఉంచుతున్నాను.

జనవరి, ఫిబ్రవరి

ఏరినవాటిలో కొన్ని పక్కన పెట్టి బ్లేడుతో చీల్చి చూశాను. చాలా సంచుల్లో ఏమీ లేదు. సంచి కింది మూతి దగ్గర నల్లటి ప్యూపా పెంకు సగం బయటికి వచ్చి ఉంటే అది మగ పురుగు ఖాళీ చేసి వెళ్ళిన సంచి. ఆడదాని సంచి బరువుగా ఉంటుంది. లోపల గోధుమరంగు పెంకు, దాన్ని విప్పితే మెత్తటి నూగులో పసుపుపచ్చ రంగు కలిసిన మీగడ రంగు గుడ్లు. ఒక్కో సంచిలో 500 నుంచి 1000 దాకా ఉంటాయి. ఆ లెక్క గుర్తుంటే చెట్టుకి నాలుగు సంచులు మిగిలినా ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

జనవరిలో కొన్ని రాత్రులు సున్నా ఫారన్‌హీట్ కిందకి, అంటే మైనస్ 18 సెల్సియస్ కిందకి పోయింది. అంతటి చలి చాలాసేపు నిలిస్తే గుడ్లు చస్తాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో ఈ పురుగు ఉధృతి ఒక్కో ఏడు తగ్గడానికి ఇదొక కారణం. అయితే నేను చీల్చిన సంచుల్లో గుడ్లు నిండుగానే కనిపించాయి, ఎండి ముడుచుకున్నవి కొద్దిగానే ఉన్నాయి. చలి మా పని చేసిపెడుతుందని ఆశ పెట్టుకోవడం లేదు.

ఇంకో సంగతి గమనించాను. కొన్ని సంచులకి సన్నటి రంధ్రాలున్నాయి, లోపల గుడ్లు లేవు. చిన్న కందిరీగలు ఈ పురుగులోపల తమ గుడ్లు పెట్టి, పురుగుని తినేసి బయటికొస్తాయి. అంటే మా పెరట్లో మనకి సాయం చేసేవి కూడా ఉన్నాయి. మందు ఎంచుకునేటప్పుడు వీటిని చంపనిదాన్ని ఎంచుకోవాలని అప్పుడే అనుకున్నాను.

జంగారెడ్డిగూడెం నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయనకి ఆయిల్ పామ్ తోట ఉంది. సంచుల ఫొటోలు పంపితే చూసి, "ఇవి మా తోటలో కూడా వస్తాయమ్మా, జాతి వేరేమో గానీ వేషం ఇదే. ఒకసారి పట్టిన మట్టలన్నీ నరికి తగలబెట్టించాను. మీకు ఏడాదికి ఎన్నిసార్లు పుడతాయి?" అని అడిగాడు. ఒక్కసారే అన్నాను. "అయితే నీ పని తేలికే. మాకు చలికాలం అడ్డం రాదు, ఒక తరం పోకముందే ఇంకోటి తయారు" అన్నాడు. నిజమే. ఏడాదికి ఒకే తరం, ఆ తరం కూడా కొద్ది వారాల్లోనే గుడ్డులోంచి బయటికొస్తుంది. ఆ వారాల్ని పట్టుకుంటే చాలు.

ఏప్రిల్

ఏరివేత రెండో విడత. చలికాలంలో కళ్ళు తప్పించుకున్నవి ఇప్పుడు కనిపిస్తున్నాయి, ఎందుకంటే చెట్టు కొత్త పచ్చదనంలోకి తిరుగుతుంటే పాత సంచి ఎండు రంగులో బయటపడుతుంది. ముందున్న జూనిపర్ పొదల్లో మాత్రం గుచ్చుకునే ఆకుల మధ్య వెతకడం కష్టం. తోలు గ్లౌజులు వేసుకుని, పొద మధ్యలోకి చెయ్యి పెట్టి తడిమి తీశాను. మే మధ్య దాకా ఏరుకోవచ్చు, ఆ తర్వాత గుడ్లు పగలడం మొదలవుతుంది.

పక్కింటాయన దగ్గరికి వెళ్ళాను. రిటైరైన పెద్దమనిషి, ఆయన పెరట్లో బ్లూ స్ప్రూస్ చెట్టు ఇరవై అడుగులు దాటి ఉంటుంది. దాని నిండా సంచులే. పిల్ల పురుగులు పట్టు దారం పట్టుకుని వేలాడి, గాలికి ఎగిరి పక్క చెట్ల మీద వాలతాయని చెప్పాను. కాన్సాస్‌లో గాలికి కొదవ లేదు. నేను ఒక్కదాన్నే నా చెట్లు శుభ్రం చేసుకుంటే ఆయన చెట్టు నుంచి ప్రతి జూన్‌లో కొత్తవి వస్తూనే ఉంటాయి. ఆయన మొహమాటపడకుండా ఒప్పుకుని మర్నాడే గ్లౌజులు వేసుకుని వచ్చాడు. కింది కొమ్మలన్నీ ఇద్దరం కలిసి తీశాం. పై భాగం మాత్రం ఎవరికీ అందలేదు.

వెనక కాలవ గట్టు మీద పిచ్చిగా పెరిగిన రెడ్ సెడార్ ఒకటి ఉంది. అది కమ్యూనిటీ సంఘం స్థలం. కాన్సాస్‌లో సహజంగా పుట్టి, ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు ఇదొక్కటే. 1930ల దుమ్ము తుఫానుల తర్వాత గాలిని ఆపడానికి పొలాల గట్ల మీద ప్రభుత్వం నాటించిన చెట్లలో కూడా ఇది ఉంది. కాబట్టి ఈ పురుగుకి ఇక్కడ మేతకి లోటు లేదు. సంఘానికి ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మళ్ళీ రాశాను.

మందు కూడా ఈ నెలలోనే కొని పెట్టాను. బీటీ కుర్‌స్టాకి అనే బాక్టీరియా మందు. బీటీ అనగానే మనవాళ్ళకి పత్తి గుర్తొస్తుంది. సరిగ్గా అదే. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలో ఉన్న క్రై1ఏసీ అనే ప్రొటీన్ జన్యువు ఈ బాక్టీరియా నుంచి తీసిందే. గొంగళి పురుగు ఆకుతోపాటు దీన్ని తింటే దాని పేగులో ఈ ప్రొటీన్ పనిచేసి, పురుగు తిండి మానేసి చస్తుంది. కందిరీగలకి, తేనెటీగలకి, మనకి ఏమీ కాదు. అయితే తినాలి, అది కూడా పిల్లగా ఉన్నప్పుడే తినాలి. సంచి ముప్పావు అంగుళం దాటిందంటే దీని ప్రభావం బాగా తగ్గిపోతుంది.

పైరెథ్రాయిడ్ అనే రసాయన పురుగుమందులు పెద్ద పురుగుల మీద కూడా పనిచేస్తాయి, దుకాణంలో అవే ఎదురుగా పెడతారు. నేను వద్దనుకున్నాను. అవి పరాన్నజీవి కందిరీగల్ని, ఎర్రనల్లిని తినే మంచి పురుగుల్ని కూడా చంపుతాయి. ఆ తర్వాత ఎండలు ముదిరాక ఆర్బర్‌విటే మీద ఎర్రనల్లి విజృంభిస్తుంది. ఒక తెగులు పోగొట్టబోయి ఇంకోదాన్ని పిలిచినట్టవుతుంది.

మే

ఈ నెలంతా కాపలా. గుడ్డు పగిలే రోజు తెలియాలి. తేదీ చూసి మందు కొట్టేవాళ్ళు ఉన్నారు గానీ, ఒక ఏడు వసంతం ముందొస్తుంది, ఒక ఏడు ఆలస్యమవుతుంది. అందుకని మూడు గుర్తులు పెట్టుకున్నాను.

మొదటిది ఉష్ణోగ్రత లెక్క. రోజు గరిష్ఠం, కనిష్ఠం కలిపి సగం చేసి, అందులోంచి 50 ఫారన్‌హీట్ తీసేస్తే ఆ రోజు కూడిన వెచ్చదనం వస్తుంది. ఉదాహరణకి పగలు 80, రాత్రి 60 అయితే సగటు 70, ఆ రోజుకి 20. జనవరి 1 నుంచి ఇలా కూడుకుంటూ రావాలి. ఏ పురుగు ఎప్పుడు వస్తుందో ఈ లెక్కలోనే చూపించే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ క్యాలెండర్లో సంచి పురుగు గుడ్లు పగలడం 630 దగ్గర ఉంటుంది. మా అబ్బాయి దీన్ని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి రోజూ రాత్రి నింపుతున్నాడు. వాడికి పురుగుల మీద కంటే లెక్క మీద ఆసక్తి ఎక్కువ, అయినా పని జరుగుతోంది.

రెండోది కటాల్పా చెట్టు. మా వీధి చివర పెద్దది ఉంది. తెల్లటి గుత్తుల పూలు పూస్తుంది. అది విరగబూసే సమయానికి ఇవి పగులుతాయని ఇక్కడి తోటమాలులు చాలాకాలంగా చూస్తున్న గుర్తు.

మూడోది నా సీసా. గుడ్లున్న ఆడ సంచులు కొన్ని గాజు సీసాలో వేసి, మూతికి సన్నటి వల గుడ్డ బిగించి, ఆర్బర్‌విటే కొమ్మకి నీడలో వేలాడదీశాను. ఎండలో పెడితే లోపల వేడెక్కి ముందే పగులుతాయి, ఇంట్లో పెట్టినా అంతే. చెట్టుకి తగిలే చలీ వేడీ దానికీ తగలాలి.

జూన్ మొదటి వారం

కటాల్పా విరగబూసింది. సీసాలో గోడల మీద నల్లటి నలుసులు పాకుతున్నాయి. స్ప్రెడ్‌షీట్ 600 దాటింది. మూడు గుర్తులూ ఒకే వారంలో కలవడం చూసి నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

భూతద్దం పట్టుకుని చెట్ల దగ్గరికి వెళ్ళాను. పిల్ల పురుగు పుట్టిన కాసేపటికే ఆకు పొడితో సంచి కట్టుకోవడం మొదలుపెడుతుంది. సంచి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఇప్పుడది కిందకి వేలాడదు. ఐస్‌క్రీమ్ కోన్‌ని బోర్లించినట్టు నిటారుగా వీపు మీద మోసుకుంటూ తిరుగుతుంది. ఆకు పైపొరని గీకి తింటుంది, అక్కడ చిన్న గోధుమరంగు మచ్చ పడుతుంది. నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. ఒక తెల్ల కాగితం కింద పెట్టి కొమ్మని తడితే నలుసులు రాలి, కాసేపటికి కదులుతాయి. చూడటానికి ఇదే తేలికైన ఉపాయం.

ఏడు చెట్లకి ఒక్కో కొమ్మకి ఎర్ర దారం కట్టాను. ప్రతివారం అవే కొమ్మలు చూసి రాసుకోవాలి. చెట్టంతా చూసి బాగుంది, బాగాలేదు అనుకుంటే ఏమీ తేలదు. మొదటి లెక్క: దారం కట్టిన కొమ్మల్లో చివరి అడుగు పొడవులో సగటున పది పన్నెండు పిల్ల పురుగులు. చలికాలమంతా ఏరినా ఇంత ఉన్నాయంటే, ఏరకపోతే ఏమయ్యేదో.

జూన్ రెండో వారం

మొదటి మందు కొట్టాం. గుడ్లు పగలడం మొదలైన రోజునే కొట్టలేదు. అన్నీ ఒకేసారి పగలవు, వారాల తరబడి వస్తూనే ఉంటాయి, గాలికి పక్కనుంచి వచ్చి వాలేవీ ఉంటాయి. అందుకే కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వ్యవసాయ విస్తరణ విభాగం వాళ్ళు జూన్‌లో మొదలుపెట్టి వారానికోసారి నాలుగైదు వారాలపాటు కొట్టమంటారు.

సాయంత్రం పొద్దు వాలుతుండగా మొదలుపెట్టాం. బీటీ ఎండకి త్వరగా నశిస్తుంది, రాత్రంతా ఆకు మీద ఉంటే పురుగు తినడానికి వ్యవధి దొరుకుతుంది. రెండో కారణం గాలి. ఇక్కడ పగటిపూట గాలికి మందు చెట్టు మీద కంటే మన మీదే ఎక్కువ పడుతుంది. లేబుల్ మీద ఉన్న మోతాదే కలిపాను. రెండు గాలన్ల చేతి పంపుతో తల నుంచి మొదలుపెట్టి, చెట్టుకి నాలుగు వైపులా, లోపలి కొమ్మలు తడిసేదాకా. కంచె వైపు తిరిగి ఉన్న వెనక భాగం చాలామంది వదిలేస్తారు. అక్కడికి చేరడానికి నేను కంచెకీ చెట్టుకీ మధ్య సందులోకి దూరాల్సి వచ్చింది.

వరస చివర పాలమొక్క ఉంది, ఇక్కడ మిల్క్‌వీడ్ అంటారు. మొనార్క్ సీతాకోకచిలుకలు దాని మీదే గుడ్లు పెడతాయి, వాటి వలస దారిలోనే కాన్సాస్ ఉంది. బీటీకి సంచి పురుగేదో మొనార్క్ పిల్లేదో తెలియదు, గొంగళి పురుగు ఏదైనా చంపుతుంది. ముందే పాత దుప్పటి కప్పి, మందు ఆరాక తీశాను. పక్కన సీతాకోకచిలుకల మొక్కలున్నవాళ్ళు ఈ ఒక్క పని మరవకండి.

జూన్ మూడు, నాలుగు వారాలు

రెండోసారి కొట్టిన రాత్రే ఉరుముల వాన. మందంతా కడుక్కుపోయింది. టెన్షన్ పడి లాభం లేదు, వాన ఆగిన మర్నాటి సాయంత్రం మళ్ళీ కలిపాం.

దారం కట్టిన కొమ్మల్లో లెక్క దిగుతోంది. సగటు మూడు నాలుగుకి వచ్చింది. చచ్చిన పురుగు సంచి వెంటనే రాలదు, కాబట్టి సంచులు లెక్కపెడితే చాలదు. సంచిని మెల్లగా నొక్కి, కాసేపు చూడాలి. బతికున్నది తల లోపలికి లాక్కుని మూతి బిగిస్తుంది, తర్వాత మళ్ళీ బయటికొస్తుంది. చచ్చినదాని సంచి మెత్తగా నలుగుతుంది.

కాలవ వైపు ఉన్న మూడు చెట్లలో మాత్రం సంఖ్య తగ్గలేదు. కొత్తగా, చాలా చిన్నవి కనిపిస్తున్నాయి. ఆ రెడ్ సెడార్ నుంచి వస్తున్నాయని నా అనుమానం. గాలి ఆ వైపునుంచే వీస్తుంది. సంఘం నుంచి చివరికి జవాబొచ్చింది. చెట్టు కొట్టడం కుదరదు గానీ మా ఖర్చుతో మందు కొట్టుకోవచ్చన్నారు. చెట్టు కొట్టమని నేను అడగలేదు కూడా. పక్కింటాయనా నేనూ కలిసి అందినంత మేర బీటీ కొట్టాం.

జులై

నెల మొదట్లో ఆఖరి విడత. ఈసారి కాలవ వైపు చెట్లకి స్పైనోసాడ్ వాడాను, ఎందుకంటే అక్కడ కొన్ని సంచులు అర అంగుళం దాటాయి. ఇది కూడా మట్టిలో దొరికిన బాక్టీరియా నుంచి తయారయ్యేదే, కాస్త పెరిగిన పురుగు మీద బీటీ కంటే బాగా పనిచేస్తుంది. తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకి హాని, అందుకని బాగా చీకటి పడ్డాక, పూలున్న మొక్కల మీద పడకుండా కొట్టాను.

నెల మధ్యకి దారం కొమ్మల మీద అడుగుకి ఒకటి కూడా లేదు. తలల దగ్గర దాక్కుని ముప్పావు అంగుళానికి పెరిగినవి అక్కడక్కడా ఉన్నాయి. వాటికి మందు అక్కర్లేదు, చేత్తో తీసేశాను. ఈ సమయంలో సంచి ఇంకా రెమ్మకి బిగించుకోదు, కాళ్ళతో మాత్రమే పట్టుకుని ఉంటుంది. చిటుక్కున ఊడొస్తుంది.

తీసేసిన రెండు చెట్ల చోట ఖాళీ అలాగే ఉంది. మళ్ళీ ఆర్బర్‌విటే పెడదామని మావారు అంటారు, వరస అందంగా ఉంటుందని. నాకు ఇష్టం లేదు. ఈ జాతిలో ఆడది ఎగరలేదు, దానికి రెక్కలూ కాళ్ళూ రావు. తను కట్టుకున్న సంచిలోనే గుడ్లు పెట్టి చస్తుంది. అంటే గాలికి ఎగిరిన కొన్ని పిల్లలు తప్ప, మిగిలినవన్నీ కొమ్మకి కొమ్మ తగులుతున్న పక్క చెట్టుకి పాకుతూ పోవాల్సిందే. ఒకే జాతి చెట్లు భుజం భుజం కలిపి నిలబెడితే మనమే దానికి దారి వేసిచ్చినట్టు. మధ్యలో వైబర్నమ్ పొదలు పెట్టాలని తేల్చుకున్నాం. పురుగు తగిలినా అది మళ్ళీ చిగురించగలదు. నాటడం మాత్రం ఎండలు తగ్గాకే.

ఆగస్టు

మందు డబ్బా గ్యారేజీలో పైఅరలోకి పోయింది. ఆగస్టు మధ్య నుంచి పురుగు తినడం మానేసి సంచిని బిగించుకుంటుంది. ఇప్పుడు గోధుమరంగు కనిపించి, కంగారుపడి మందు కొట్టేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఒకావిడ నన్ను అడిగితే డబ్బు దాచుకుని కత్తెర తీసుకోమన్నాను. తర్వాత ఇద్దరం ఆమె జూనిపర్ పొదల్లో ఏరాం.

తలలు ఎండిన నాలుగు చెట్లలో మూడు పక్క కొమ్మల నుంచి కొత్త పచ్చదనం వేశాయి. తల పోయిన చోట ఒక పక్క కొమ్మని పైకి లాగి వెదురు పుల్లకి కట్టాను, అది కొత్త తలగా ఎదుగుతుంది. నాలుగోదానికి ఒకవైపు పూర్తిగా బోడిగా ఉంది. ఆ వైపు ఇక నిండదు, అయినా చెట్టు బతికుంది. వేసవి ఎండల్లో ఇది మళ్ళీ దెబ్బతినకుండా వారానికోసారి గొట్టం సన్నగా వదిలి వేరు దాకా నీళ్ళు పట్టాను. బలహీనపడ్డ చెట్టుకి నీటి ఎద్దడి కూడా తోడైతే తట్టుకోదు.

సెప్టెంబరు

మగ పురుగుల్ని చూశాను. నల్లటి నూగు ఒళ్ళు, దాదాపు పారదర్శకంగా ఉండే రెక్కలు, రెక్కలు చాస్తే అంగుళం ఉంటుంది. వాసన పట్టుకుని ఆడవాటి సంచుల్ని వెతుక్కుంటూ తిరుగుతున్నాయి. నా చెట్ల దగ్గర ఒకటీ అరా, పక్కింటి స్ప్రూస్ పైభాగం దగ్గర చాలా. సమస్య ఇంకా ఎక్కడుందో అవే చూపించాయి.

వైబర్నమ్‌లు నాటాం. వరస పొడవునా ముందు భాగంలో ఆస్టర్లు, కోన్‌ఫ్లవర్లు పెట్టాను. దీనికి కారణం ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, చుట్టూ పూల మొక్కలున్న పొదల్లో సంచి పురుగుల్ని పరాన్నజీవి కందిరీగలు ఎక్కువగా పట్టాయని తేలింది. ఎదిగిన కందిరీగకి పూల తేనె కావాలి, పూలు దగ్గర్లో ఉంటే అది అక్కడే తిరుగుతుంది. డైసీ కుటుంబపు పూలు దీనికి మంచివి. కాన్సాస్ రాష్ట్ర పుష్పం పొద్దుతిరుగుడు ఆ కుటుంబానిదే, మన బంతీ అదే. బతుకమ్మకి కావాలని మా స్నేహితురాలు ఇచ్చిన బంతి నారు కూడా వేసవిలోనే ఈ వరసలో పెట్టాను. ఇప్పుడు విరగబూసింది. సగం కోసి ఇచ్చి, సగం కందిరీగలకి వదిలేశాను.

అక్టోబరు

ఏడాది తర్వాత మళ్ళీ ఏరివేత. పోయినసారి బకెట్లు నిండాయి. ఈసారి పన్నెండు చెట్లనీ తల నుంచి కిందిదాకా చూస్తే దొరికినవి ఒక పెద్ద గిన్నెలో పట్టాయి. వాటిలో సగానికి పైగా కాలవ వైపు మూడు చెట్లవే. జూనిపర్లలో రెండే రెండు. కొత్తగా ఒక్క చెట్టు కూడా పోలేదు. దొరికినవి చీల్చి చూస్తే కొన్నింటికి కందిరీగ రంధ్రాలున్నాయి. అలాంటి సంచుల్ని సబ్బు నీళ్ళలో వేయకుండా, లోపల గుడ్లు లేవని తేల్చుకున్నాక చెట్టు కిందే వదిలేశాను. లోపల ఇంకా బయటికి రాని కందిరీగలుంటే బతుకుతాయి.

బాబాయ్‌కి గిన్నె ఫొటో పంపాను. "గిన్నె దాకా వచ్చావంటే ఇక వదలకు. మళ్ళీ ఏడు దాని జోలికి పోకపోతే బకెట్లే" అన్నాడు. వదిలే ఉద్దేశం నాకూ లేదు.

మిగిలింది స్ప్రూస్ పైభాగం, రెడ్ సెడార్. స్ప్రూస్‌కి పక్కింటాయనా మేమూ ఖర్చు పంచుకుని, ఎత్తైన పంపు ఉన్న చెట్ల నిపుణుడిని మాట్లాడుకున్నాం. అతను ఏప్రిల్లో వస్తానన్నాడు, జూన్ రెండో వారానికి మార్పించాం, కటాల్పా పూత చూసి కచ్చితమైన రోజు చెప్తామన్నాం. రెడ్ సెడార్ కింది కొమ్మల్లో ఏరుకోవడానికి ఈసారి సంఘం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. నవంబరు మొదటి శనివారం వీధిలో నలుగురైదుగురు వస్తామన్నారు. కత్తెరలు, గ్లౌజులు, రెండు బకెట్లు సిద్ధం చేసి పెట్టాను. సీసాకి కొత్త వల గుడ్డ కొనాలి.